నోరున్న కారు రివ్యూవర్ల మాట మీద బండి కొనొచ్చా?

రాజాం_రోడ్డు
మొదటి కారు. ఆన్‌రోడ్ పది, పదకొండు లక్షలు అనుకుంటున్నా. ఇంట్లో అమ్మ, నాన్న, నేను, మా ఆవిడ, నాలుగేళ్ల పాప. రోజూ రాజాం నుంచి చిలకపాలెం మీదుగా శ్రీకాకుళం ఆఫీసు, అప్పుడప్పుడు విశాఖ. రెండు బళ్ల దగ్గర ఆగాను. పేర్లు చెప్పను. చెప్తే ఇది బ్రాండ్ల కొట్లాట అయిపోతుంది.

తంటా బళ్లతో కాదు, మా బావమరిదితో. వాడొక యూట్యూబర్‌కి భక్తుడు. ఆయన ఎవరినీ వదలడట, కంపెనీవాళ్లని మొహం మీదే కడిగేస్తాడట. నేను అనుకున్న మొదటి బండిని "ఈ డబ్బా కొనడం అంటే ఇంటిల్లిపాదినీ చంపుకోడమే" అన్నాడు. రెండోదాని ఇంజిన్ రెండు లక్షల కిలోమీటర్లు కన్నెత్తి చూడక్కర్లేదన్నాడు. ఆ రెండో బండి మార్కెట్లోకి వచ్చి ఇంకా ఏడాది నిండలేదు! రెండు లక్షలు తిప్పింది ఎవరు? అడిగితే మావాడు అలిగి అన్నం దగ్గర కూడా మాట్లాడటం లేదు.

మన్నిక గురించి, రోడ్డు మీద భద్రత గురించి ఇలాంటి ముక్కుసూటి మనుషుల మాట ఎంతవరకు పట్టించుకోవాలి?

ఏడురోడ్ల_జంక్షన్
ఏడాది నిండని బండికి రెండు లక్షల గ్యారంటీ. ఇంజిన్ నంబరు పెట్టి జాతకం వేయించుంటాడు.

నాగావళి_ఒడ్డు
నేను బావమరిది పార్టీ. ఇలాంటోళ్లు రాకముందు రివ్యూ అంటే ఏటండీ? బ్రోషర్ చదివి వినిపించడం. సీటు మెత్తగా ఉంది, రంగు బాగుంది, డోరేస్తే చప్పుడు గట్టిగా ఉంది. అయిపోయింది. ఎయిర్‌బ్యాగ్ ఉందా అని అడగాలని కొనేవాడికి తెలీదు, అమ్మేవాడు చెప్పడు. ఇప్పుడు మా వీధి కిరాణా కొట్టాయన కూడా "ఎన్ని స్టార్లు?" అంటన్నాడు. అది తిట్టేవాళ్ల పుణ్యమే.

బొబ్బిలి_మాస్టారు
నాగావళి గారూ, స్టార్లు తెచ్చింది తిట్టినవాళ్లు కాదండి, గుద్దించి చూసినవాళ్లు. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశంలో అమ్ముతున్న ఐదు చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించిన ఫలితాలు బయటపెట్టింది. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో. అన్నీ ఎయిర్‌బ్యాగులు లేని వేరియంట్లు. పెద్దల భద్రతలో ఐదింటికీ సున్నా. అదే పోలోని రెండు ఎయిర్‌బ్యాగులతో గుద్దిస్తే నాలుగు స్టార్లు వచ్చాయి. దాంతో ఆ కంపెనీ ఎయిర్‌బ్యాగ్ లేని పోలోని అమ్మడమే మానేసింది. ఇందులో ఎవరూ ఎవరి మీదా కేకలు వెయ్యలేదు. బొమ్మ తలకి, ఛాతీకి ఎంత దెబ్బ తగిలిందో అంకెల్లో రాసి పెట్టారు, అంతే.

నాగావళి_ఒడ్డు
ఆ అంకెలు లండన్‌లో ఉన్న సంస్థ ఇంగ్లీషులో రాసింది మాస్టారూ. ఆమదాలవలసలో ఉన్నోడికి తెలుగులో చెప్పింది ఎవరు? ఆ అరిచినోళ్లే.

బొబ్బిలి_మాస్టారు
ఒప్పుకుంటాను. చేరవేసినందుకు దండం పెడతాను. కానీ చేరవేసేవాడికీ కొలిచేవాడికీ తేడా ఉందిగా. రాజాం బాబు బావమరిది ఆ తేడా మర్చిపోయి అలిగాడు.

పాత_అంబాసిడర్
స్టార్లూ లేవు, గీర్లూ లేవు. మా నాన్నగారి అంబాసిడర్ పార్వతీపురం దగ్గర చింతచెట్టుకి గుద్దితే చెట్టుకే దెబ్బ. ఇప్పటి బళ్లు బానెట్ మీద వేలితో నొక్కితే సొట్ట. ఆ యూట్యూబర్ వేలితో నొక్కి చూపించడం నేనూ చూశాను. ఆయన చెప్పింది కరెక్టే.

స్పానర్_చిలకపాలెం
అంబాసిడర్ గారూ, వేలితో నొక్కే ఆ వీడియోలే నాకు ఒళ్లు మంట. బానెట్ రేకు మనిషిని కాపాడేది కాదు. అది పల్చగా ఉండాలి, నలగాలి. ముందు భాగం నలిగి దెబ్బని మింగితే, లోపలి గూడు నలక్కుండా నిలబడాలి. కాపాడేది ఆ గూడు. తలుపుల పక్కన స్తంభాలు, కింద సిల్, పైన రూఫ్ రైలు. వాటిల్లో వాడే గట్టి ఉక్కు మీ వేలికి దొరకదు, రంగు కింద, ట్రిమ్ కింద ఉంటుంది. క్రాష్ టెస్టు రిపోర్టులో "బాడీషెల్ స్టేబుల్, అన్‌స్టేబుల్" అని ఒక ముక్క రాస్తారు. వేలు పక్కనపెట్టి ఆ ముక్క చదవండి. మీ నాన్నగారి అంబాసిడర్ నలగలేదంటే ఆ దెబ్బంతా లోపలున్నవాళ్లకే తగిలిందని అర్థం. స్టీరింగ్ రాడ్డు ఛాతీకి ఎదురుగా ఉండేది ఆ బండిలో.

పాత_అంబాసిడర్
నాన్నగారికి మూడు పక్కటెముకలు విరిగాయి లెండి. ఆ సంగతి చెప్పలేదు.

ఏడురోడ్ల_జంక్షన్
చెట్టు బాగుందిగా, అది చాలు 😂

నాగావళి_ఒడ్డు
అసలు విషయం వదిలేశారు. గట్టిగా మాట్లాడే విలేకరి వల్ల బళ్లు మారిన కేసు ఒకటి చెప్తాను వినండి. 1997 అక్టోబర్, స్వీడన్. అక్కడ టెక్నికెన్స్ వార్ల్డ్ అని కార్ల పత్రిక. రోడ్డు మీదకి దుప్పి వచ్చిందనుకుని స్టీరింగ్ ఒకేసారి అటు, వెంటనే ఇటు తిప్పే పరీక్ష వాళ్లు చేస్తారు. మెర్సిడెస్ కొత్త ఏ-క్లాస్ అందులో బోల్తా కొట్టింది. కంపెనీ మొదట కొట్టిపారేసింది. తర్వాత కొన్ని వారాలు అమ్మకం ఆపుకొని, సస్పెన్షన్ మార్చి, అన్ని బళ్లకీ ఈఎస్‌పీ (బండి పట్టు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) పెట్టి ఇచ్చింది. అంత పెద్ద కంపెనీని వంచింది ప్రభుత్వం కాదు, ల్యాబూ కాదు. ఒక పత్రిక.

బొబ్బిలి_మాస్టారు
మంచి ఉదాహరణ తెచ్చారు. కాకపోతే అది మీకంటే నాకే పనికొస్తుంది. ఆ విలేకరి "ఈ బండి డబ్బా" అని ఊరుకోలేదు. కోన్లు పెట్టి, వేగం కొలిచి, మనుషుల్ని కూర్చోబెట్టి తిప్పాడు. ఎవరైనా మళ్లీ చేసి చూసుకోవచ్చు. మీ యూట్యూబర్ ఎక్కడ కోన్లు పెట్టాడో చూపించండి.

నాగావళి_ఒడ్డు
కోన్లు లేవు. గేదెలు ఉన్నాయి. పొందూరు రోడ్డులో తీశాడు వీడియో.

గజపతినగరం_గీత
మాస్టారి మాటకి ఇంకోటి కలుపుతున్నా. అమెరికాలో కన్జ్యూమర్ రిపోర్ట్స్ అనే పత్రిక ఉంది. కంపెనీ ఇచ్చిన బండి తీసుకోరు, మామూలు కొనుగోలుదారుల్లా షోరూంకి వెళ్లి సొంత డబ్బుతో కొంటారు, ప్రకటనలు వేసుకోరు. 1988లో సుజుకీ సమురాయ్ జీపు మలుపుల్లో బోల్తా పడే ప్రమాదం ఉందని, కొనొద్దని రాశారు. 1996లో సుజుకీ కేసు వేసింది, పరీక్షని కావాలని అలా వచ్చేలా చేశారని. ఆ కేసు 2004 దాకా సాగి చివరికి డబ్బు చేతులు మారకుండా రాజీతో ముగిసింది. కోన్లు పెట్టి కొలిచినా గొడవ తప్పలేదు. కాబట్టి "కొలిచాడు" అన్నంత మాత్రాన తిరుగులేదని కూడా అనుకోవద్దు మాస్టారూ. ఎలా కొలిచాడో కూడా చూడాలి.

అన్నట్టు ఆ సమురాయ్ మనకి కొత్తది కాదు. మన మారుతీ జిప్సీ ఆ కుటుంబందే, కొంచెం పొడుగు.

ఖాకీ_రిటైర్డ్
గీతమ్మా, జిప్సీ అనగానే లేచి కూర్చున్నాను. పోలీసు డ్రైవర్‌గా ఏళ్ల తరబడి తోలాను. ఏజెన్సీ రోడ్లలో, బురదలో దానికి సాటి లేదు. మలుపులో మాత్రం భయపెట్టేది, వెనకాల కానిస్టేబుళ్లు నిండుగా ఉంటే మరీను. మాకు ఏ పత్రికా చెప్పలేదు. సీనియర్ డ్రైవర్ చెప్పాడు, "మలుపు ముందే తగ్గించు, మలుపులో బ్రేకు తొక్కకు" అని. రివ్యూ అంటే అదీ.

రాజాం_రోడ్డు
భలే తిరుగుతోంది చర్చ. కానీ నా ప్రశ్నలో సగం మన్నిక గురించి. స్పానర్ అన్నా, నీ షెడ్డులో చూసింది చెప్పు. ఏ బండి ఎక్కువ వస్తుంది?

స్పానర్_చిలకపాలెం
చెప్తాను గానీ ముందు నన్ను కూడా పూర్తిగా నమ్మొద్దు. నా దగ్గరికి చెడిపోయిన బండే వస్తుంది. బాగున్న బండి నాకు కనపడదు. ఆసుపత్రిలో కూర్చున్నోడు ఊరంతా జబ్బే అనుకున్నట్టు ఉంటుంది మా లెక్క. రోడ్డు మీద ఎక్కువున్న బండే నా షెడ్డుకీ ఎక్కువ వస్తుంది. అంతమాత్రాన అది చెడ్డ బండి కాదు.

ఇక రివ్యూవర్ సంగతి. వాడి చేతిలో బండి ఉండేది కొన్ని రోజులు. అదీ కంపెనీ కడిగి, టైర్లు చూసి, అన్నీ సరిచేసి పంపిన బండి. ఆ కొద్దిరోజుల్లో చెప్పగలిగినవి చాలా ఉన్నాయి: సీటులో నడుం నొప్పి వస్తుందా, గుంతలో దబదబ కొడుతుందా, బ్రేకు ఎంత తొక్కితే ఆగుతుంది, రాత్రి హెడ్‌లైటు ఎంత దూరం పడుతుంది, ఏసీ వెనక్కి అందుతుందా. ఇవి ముక్కుసూటిగా చెప్తే వినండి. మంచిదే.

చెప్పలేనివి వేరే. క్లచ్ ఎప్పుడు పోతుంది, ఏసీ కాయిల్ ఎప్పుడు లీకవుతుంది, సస్పెన్షన్ బుష్షులు మన రోడ్డుకి ఎన్నాళ్లు ఆగుతాయి. అవి కాలం చెప్పాలి. ఎవడి నోరూ చెప్పలేదు.

ఇంకోటుంది, తిప్పే తీరు. బీఎస్6 (కొత్త పొగ నిబంధన) డీజిల్ చూడండి, 2020 ఏప్రిల్ నుంచి వచ్చినవి. వాటికి పొగగొట్టంలో డీపీఎఫ్ అని మసి పట్టే జల్లెడ ఉంటుంది. హైవే మీద కాసేపు ఒకే వేగంతో పోతే వేడెక్కి ఆ మసి కాలిపోతుంది. రివ్యూవర్ విశాఖ నుంచి ఇచ్ఛాపురం దాకా హైవే మీద తోలి "ఏ సమస్యా లేదు" అంటాడు. నిజమే, వాడికి లేదు. అదే బండిని శ్రీకాకుళం టౌన్లో డే అండ్ నైట్ నుంచి ఏడు రోడ్లకి, ఏడు రోడ్ల నుంచి అరసవల్లికి తిప్పేవాడికి జల్లెడ మూసుకుపోయి డ్యాష్ మీద లైటు వెలుగుతుంది. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. రాజాం తమ్ముడికి రోజూ హైవే ఉంది కాబట్టి డీజిల్ అయినా పర్లేదు. అదే మా వీధి మాస్టారికి అయితే వద్దంటాను.

ఆటోమేటిక్ కూడా అంతే. రెండు క్లచ్‌ల డీసీటీ ఖాళీ రోడ్డు మీద వెన్న. సిరిమానోత్సవం రోజు విజయనగరంలో జనం మధ్య ఇంచీ ఇంచీ నెడితే క్లచ్ వేడెక్కుతుంది. రివ్యూవర్ సిరిమాను రోజు తోలడుగా.

సాలూరు_లారీ
స్పానర్ బావు సరిగ్గా సెప్పీనాడు. నాను ఇంకోటి సెప్తాను. రోడ్డు సేఫ్టీ గురించి ఆ బాబు మాటాడతాడు గదా, తోలినప్పుడు సూసేరా? ఒక సేత్తో స్టీరింగు, ఒక సేత్తో ఇలాగిలాగ ఊపుకుంటా, కళ్లు కెమెరా కాడ. హైవే మీద 140. "ఎంత స్టేబుల్‌గా ఉందో సూడండి" అంటాడు. ఎనకాల లోడుతో లారీ తోల్తన్నోడికి తెలుస్తాది స్టేబులేటో. మాకు బ్రేకు ఏసినాక బండి ఆగడానికి ఎంత దూరం కావాల, ఆడికి తెల్దేటి?

మా సాలూరు ఘాట్‌కి రమ్మనండి. కిందికి దిగీటప్పుడు బ్రేకు మీద కాలు ఎట్టుకుని తోల్తే బ్రేకులు కాలి కంపు కొడతాయి, ఆనక పట్టవు. ఏ గేరులో ఎక్కినావో ఆ గేరులోనే దిగాల. ఒక్క రివ్యూ ఓడు సెప్పినాడా ఈ ముక్క? నాను సూల్లేదు.

ఏడురోడ్ల_జంక్షన్
బావు, నువ్వు ఛానల్ పెట్టు. నేను మొదటి సబ్‌స్క్రైబర్‌ని.

సాలూరు_లారీ
ఎట్టినాను. మా సిన్నగుంట ఫోను లాగేసి దాంట్లో దాని డాన్సు ఎట్టింది.

బొబ్బిలి_మాస్టారు
నాలుగు, అంతకన్నా ఎక్కువ లైన్ల హైవే మీద కార్లకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ పరిమితి గంటకు 100. 140లో పోతూ భద్రత గురించి ఉపన్యాసం! పైగా చిన్న లెక్క. క్రాష్ టెస్టు 64లో చేస్తారు. గుద్దుకున్నప్పుడు మింగాల్సిన శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 64 నుంచి 100కి వస్తే దాదాపు రెండున్నర రెట్లు. 140లో ఎంతవుతుందో పదో తరగతి పిల్లాడు చెప్తాడు. ఐదు స్టార్లు ఉన్నాయని 140లో పోయేవాడికి ఆ స్టార్లు ఆ వేగంలో చెల్లవు.

నాగావళి_ఒడ్డు
అలా అయితే స్టార్లు కూడా దండగేనా? మొన్నటిదాకా స్టార్లే గొప్పన్నారు మీరు.

బొబ్బిలి_మాస్టారు
దండగ అనలేదు. స్టారు దేన్ని కొలిచిందో దానికే పనికొస్తుందన్నాను. ఎదురుగా దాదాపు అంతే బరువున్న బండిని గుద్దుకుంటే ఏమవుతుందన్నది ముందువైపు పరీక్ష. చిన్న కారు ఐదు స్టార్లు, పెద్ద ఎస్‌యూవీ ఐదు స్టార్లు అంటే రెండూ ఎదురెదురుగా గుద్దుకుంటే సమానమని కాదు. ఏ ఏడాది స్టారన్నది కూడా చూడాలి. యూరప్‌లో ఫియట్ పుంటోకి 2005లో ఐదు వచ్చాయి, 2017లో మళ్లీ పరీక్షిస్తే సున్నా. బండి చెడిపోలేదు, పరీక్ష కఠినమైంది. మన దగ్గర కూడా గ్లోబల్ ఎన్‌క్యాప్ 2022లో పద్ధతి మార్చింది. పాత పద్ధతిలో వచ్చిన నాలుగునీ కొత్తదానిలో వచ్చిన నాలుగునీ పక్కపక్కన పెట్టి మాట్లాడే వీడియోలే ఎక్కువ.

2023 అక్టోబర్ 1 నుంచి మన సొంత భారత్ ఎన్‌క్యాప్ వచ్చింది. పెద్దలకు 32 మార్కులు, పిల్లలకు 49. కానీ అది కంపెనీ ఇష్టం. పరీక్షకి రాని బండి చెడ్డదని అనలేం, మంచిదనీ అనలేం. రాజాం బాబూ, నీ రెండు బళ్లకీ రిపోర్టు ఉందేమో చూడు. పిల్లల మార్కులు విడిగా చూడు, ఇంట్లో పాప ఉంది కదా.

గజపతినగరం_గీత
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. ముక్కుసూటితనం కూడా సరుకే. తిట్టు ఉన్న వీడియో ఎక్కువమంది చూస్తారు, ఎక్కువ చూస్తే ఎక్కువ వస్తుంది. కంపెనీ దగ్గర తీసుకుని పొగిడేవాడొకడు, జనం చూస్తారని తిట్టేవాడొకడు. రెండోవాడు నిజాయితీపరుడని ఎందుకనుకుంటాం? ఒక కంపెనీని తిట్టి, దాని పోటీ కంపెనీ ఖర్చుతో ఊరు తిరిగొచ్చినా మనకి తెలియదు.

చట్టం ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనలు, ప్రచారాల మీద కేంద్రం 2022 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బు, బహుమతి, ఉచిత ప్రయాణం, హోటల్ ఏది తీసుకున్నా స్పష్టంగా కనపడేలా చెప్పాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుడు ప్రచారానికి మొదటిసారి పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు. చెప్పేవాళ్లు చెప్తున్నారు. చాలామంది వీడియో కింద మూడు మడతలు విప్పితే గానీ కనపడని చోట రాస్తారు. బావమరిది గారి గురువు ఎక్కడ రాస్తున్నాడో చూసి చెప్పండి.

బావమరిది_నేనే
అక్క లింక్ పంపింది. మొత్తం చదివాను. నేను అలగలేదు, ఆ రోజు కడుపు బాగోలేదు.

మా గురువు డబ్బు తీసుకోడు. తీసుకోనని ప్రతి వీడియోలో చెప్తాడు. బావా, నువ్వు డీలర్ మాట నమ్ముతున్నావు, వాడికి అమ్మితే కమీషన్. మా గురువుకి ఏ బండి అమ్మినా రూపాయి రాదు. మరి ఎవరి మాట నమ్మాలి?

రాజాం_రోడ్డు
వచ్చావా. డీలర్ మాట నేనెప్పుడు నమ్మానురా? వాడు ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే తీసుకోవాలన్నాడు, ఫ్లోర్ మ్యాట్లకి వేలల్లో బిల్లు వేశాడు. లేచి వచ్చేశాను.

గజపతినగరం_గీత
బావమరిది గారూ, ఆయన డబ్బు తీసుకోకపోవచ్చు, కాదనను. రెండు లక్షల కిలోమీటర్లు ఎలా తెలిసింది, అదొక్కటే అడుగుతున్నాం.

బావమరిది_నేనే
పాత మోడల్‌లో అదే ఇంజిన్ ఉందట. ట్యాక్సీవాళ్లు అంత తిప్పారట.

స్పానర్_చిలకపాలెం
ఆ! ఇదీ అసలు ముక్క. ఇది వీడియోలో చెప్పాడా, నువ్వు ఊహించావా? పాత మోడల్ ఇంజిన్ అదే అయితే ఆ మాటలో పస ఉంది. విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ట్యాక్సీ స్టాండు ఉంది, వెళ్లి అదే ఇంజిన్ ఉన్న బండిని తిప్పే ముగ్గురిని అడుగు. మీటరు చూపించమను. క్లచ్ ఎప్పుడు మార్చాడో, టర్బో ఎప్పుడు పోయిందో చెప్తాడు. కాకపోతే ఇంజిన్ అదే అయినా గేరుబాక్సు కొత్తదైతే లెక్క మారిపోతుంది. అది కూడా కనుక్కో.

బావమరిది_నేనే
వీడియోలోనే చెప్పాడు. ఒక్క సెకను. గేరుబాక్సు గురించి చెప్పలేదు.

108_నైట్‌డ్యూటీ
చదువుతూ ఊరుకుందామనుకున్నా గానీ ఆగలేకపోతున్నా. జిల్లాలో 108 అంబులెన్స్‌లో పని. మేం వెళ్లేసరికి బండికి ఎన్ని స్టార్లో ఎవరూ చూడరు. లోపల ఎవరెక్కడ ఉన్నారో చూస్తాం.

ముందు సీట్లో ఇద్దరూ బెల్టు పెట్టుకుని కూర్చుని ఫోన్లో మాట్లాడుతుంటారు. వెనక సీట్లో ఉన్నాయన ముందు సీటు మీదకి ఎగిరిపడి మెడ దగ్గర... అంతే. బెల్టు వెనక లేదు. 2022 సెప్టెంబర్‌లో సైరస్ మిస్త్రీ గారు మహారాష్ట్ర పాల్ఘర్ దగ్గర పోయింది కూడా వెనక సీట్లో బెల్టు లేకుండానే. ఖరీదైన మంచి బండే అది. ఆ వారం అందరూ వెనక బెల్టు గురించి మాట్లాడారు. మళ్లీ మామూలే. కవర్ కింద బెల్టు బకిల్ దాచేసిన బళ్లు ఎన్ని చూస్తానో.

పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని ముందు సీట్లో కూర్చోడం. ఇది మన ఊళ్లలో మురిపెం. కన్ను మూసి తెరిచేలోపు ఎయిర్‌బ్యాగ్ పగిలి వస్తుంది. అది పెద్దవాళ్ల కొలత. మధ్యలో పాప ఉంటే ఎయిర్‌బ్యాగే ముప్పు. ఇది వివరంగా రాయాలనుంది కానీ రాయలేను.

రాత్రిళ్లు హైవే మీద లైటు లేకుండా ఆగిన లారీ వెనకాల గుద్దినవి. కారు ముందు భాగం లారీ కిందకి దూరిపోతే క్రాష్ టెస్టులో నలిగే చోటు తగలదు, సూటిగా అద్దానికి తగులుతుంది. సాలూరు బావు, వెనకాల రేడియం టేపు అంటించడానికి ఎంత ఖర్చవుతుంది చెప్పండి.

సాలూరు_లారీ
కర్సు కాదు బాబూ, బద్దకం. మాది అంటించీనాం. సేనామందికి మట్టి కప్పేసి కనపడదు, తుడవరు. నిజమే.

గజపతినగరం_గీత
108 గారి మాటకి అంకె ఒకటి. రోడ్డు రవాణా శాఖ 2022 నివేదికలో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. సీటు బెల్టు పెట్టుకోక పోయినవాళ్లు 16,715. అందులో సుమారు సగం డ్రైవర్లు కాదు, పక్కన, వెనక కూర్చున్నవాళ్లు. ఏ బండి కొన్నా ఆ బెల్టులు ఉంటాయి, డబ్బు కొత్తగా పెట్టక్కర్లేదు.

నాగావళి_ఒడ్డు
సరే, నేను కూడా కాస్త తగ్గుతున్నా. కానీ ఒకటి. 108 గారు చెప్పిన ముక్క, ఆ ఒళ్లో పాప సంగతి, అది కూడా నేను మొదట విన్నది ఒక నోరున్న రివ్యూవర్ దగ్గరే. చూసేవాళ్లని కూడా తిట్టాడు, "సన్‌రూఫ్‌లోంచి పిల్లల్ని నిలబెట్టే వెధవల్లారా" అని. మెత్తగా చెప్తే మా ఆవిడ వినేది కాదు. తిట్టాక సన్‌రూఫ్ మూసేసింది. కాబట్టి నోటి పొగరు పూర్తిగా తీసిపారెయ్యకండి.

108_నైట్‌డ్యూటీ
ఆ తిట్టుకి నా ఓటు కూడా. ఆయన పేరు నాకు విడిగా పంపండి.

పాత_అంబాసిడర్
మరి ఏడీఏఎస్సో ఏదో ఉందట. బండి దానంతటదే బ్రేకు వేస్తుందట. రివ్యూ ఆయన చేతులు వదిలేసి చూపించాడు. అది తీసుకుంటే బెల్టు అక్కర్లేదుగా?

స్పానర్_చిలకపాలెం
నాయనా! చేతులు వదిలేసి చూపించే వీడియోలకి రిపోర్టు కొట్టండి ముందు. మన దగ్గర అమ్మే బళ్ల మాన్యువల్‌లో చేతులు వదలమని ఉండదు. మన రోడ్డు మీద లైను గీతల మీద వడ్లు ఎండబోస్తారు, ఎదురుగా రాంగ్‌రూట్‌లో ఆటో వస్తుంది. అది చూసి బండి టక్కున బ్రేకు వేస్తుంది. వెనక సాలూరు బావు లారీ ఉంటే?

సాలూరు_లారీ
నాను ఉంటే దూరం ఎట్టి తోల్తాను. అందరూ నాను కాదు.

ఖాకీ_రిటైర్డ్
అందరూ పెద్ద పెద్దవి చెప్తున్నారు. టైర్లు చూడండయ్యా. పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. కొత్త బండి డెలివరీ తీసుకునేటప్పుడు కూడా చూసుకోండి, స్టాకులో ఏడాది నిలబడ్డ బండి అంటగడతారు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి వస్తే మార్చాలి. నలుపు పాలిష్ కొట్టి మెరిపిస్తే కొత్తది అయిపోదు.

బొబ్బిలి_మాస్టారు
రీకాల్ కూడా. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో లోపమున్న బళ్లని వెనక్కి పిలిపించే అధికారం కేంద్రానికి వచ్చింది, 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. కంపెనీ వెబ్‌సైటులో ఛాసిస్ నంబరు కొడితే నీ బండి రీకాల్‌లో ఉందో లేదో తెలుస్తుంది. రీకాల్ వచ్చిందంటే చెడ్డ కంపెనీ అని వీడియోలు అరుస్తాయి. పిలిచి బాగుచేసే కంపెనీ కన్నా గుట్టుగా ఊరుకునే కంపెనీతోనే భయం.

బావమరిది_నేనే
బావా, నేను ట్యాక్సీ స్టాండుకి వెళ్లొచ్చాను. ఆ ఇంజిన్ బళ్లు రెండు దొరికాయి. ఒకాయన లక్షా ఎనభై వేలు తిప్పాడు, ఇంజిన్ విప్పలేదట. ఇంకొకాయన టర్బో మార్పించాడట, ఆయిల్ టైముకి మార్చలేదని వాళ్లావిడ పక్కనుంచి చెప్పింది. గేరుబాక్సు వేరేనట. పాతదానిలో మాన్యువల్, నువ్వు చూస్తున్నది ఆటోమేటిక్.

స్పానర్_చిలకపాలెం
భేష్. ఈ పోస్టు ఆ వీడియో కంటే నయం.

ఏడురోడ్ల_జంక్షన్
గురువుని మించిన శిష్యుడు. లైక్, షేర్, సబ్‌స్క్రైబ్.

రాజాం_రోడ్డు
ఒరేయ్, చెప్పకుండా వెళ్లొచ్చావా! సరే విను. మాన్యువల్‌కే పోతాను, నాకు ఆటోమేటిక్ అవసరం పెద్దగా లేదు. మీ గురువు డబ్బా అన్న మొదటి బండికి భారత్ ఎన్‌క్యాప్ రిపోర్టు దొరికింది, పెద్దలకి ఐదు, పిల్లలకి నాలుగు. రెండోది ఇంకా పరీక్షకే వెళ్లలేదు. అందుకని రెండూ తోలి చూస్తా. ఆదివారం విశాఖలో టెస్ట్ డ్రైవ్, ఐదుగురం ఎక్కి. అమ్మకి మోకాలి నొప్పి, ఎక్కడం దిగడం ఆమే చెప్పాలి. పాప సీటు అడిగితే షోరూం కుర్రాడు "సార్, అది విదేశాల్లో సార్" అన్నాడు.

108 గారూ, నాలుగేళ్ల పాపకి ఏ రకం సీటు? వెనక మధ్యలోనా, పక్కనా?

108_నైట్‌డ్యూటీ
నాలుగేళ్లకి ముందుకు చూసే సీటు, భుజాల మీదుగా పట్టీలు ఉన్నది. బరువు దాటాక బూస్టర్. పాప సీటు తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు ఎక్కువ బళ్లలో వెనక రెండు పక్కలే ఉంటాయి, మధ్యలో ఉండవు. కాబట్టి పక్కనే, డ్రైవర్ వెనక కాకుండా ఎడమవైపు పెడితే దింపేటప్పుడు రోడ్డు వైపు కాక ఇటు దిగుతుంది. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినప్పుడు కుషన్ మధ్యలో వేలు పెట్టి ఆ కొక్కేలు ముట్టుకుని చూడండి, బ్రోషర్లో ఉందని ఊరుకోవద్దు.

మధ్య సీటు బెల్టు కూడా చూడండి. కొన్నిటిలో భుజం మీదుగా వచ్చేది ఉంటుంది, కొన్నిటిలో నడుం బెల్టే. మీ నాన్నగారు అక్కడ కూర్చుంటే అది ముఖ్యం.

బావమరిది_నేనే
నడుం బెల్టే ఉంటే మధ్యలో నేను కూర్చుంటా. నాన్నగారిని పక్క సీట్లో కూర్చోబెట్టండి.

రాజాం_రోడ్డు
నిన్నెవడు రమ్మన్నాడురా, బండికి ఐదు సీట్లే.